ఎన్‌సీడీ (బీపీ, షుగర్ వంటి దీర్ఘకాలిక జబ్బుల) క్లినిక్‌కు వచ్చేవారిని తాగుడు గురించి ఎలా అడగాలి? కల్లును ఎలా లెక్కించాలి?

ప్రశ్న: పల్లె దవాఖానా నర్సు, నాగర్‌కర్నూల్ జిల్లా

అందరికీ నమస్కారం. నేను నాగర్‌కర్నూల్ జిల్లాలోని ఒక పల్లె దవాఖానాలో పని చేస్తున్నాను. బీపీ, షుగర్ మాత్రల కోసం నెలనెలా వచ్చేవారిలో మద్యం అలవాటున్నవారు చాలామంది ఉన్నారని నాకు తెలుసు, కానీ ఆ సంగతి మా రికార్డులలో ఎక్కడా కనిపించదు. ఆశా కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి నింపే సీబ్యాక్ ఫారంలో (ఈ జబ్బుల ముప్పును అంచనా వేసే పత్రంలో) ఈ విషయమై ఉన్నది ఒక్కటే ప్రశ్న: రోజూ మద్యం తాగుతారా అని. దానికి దాదాపు అందరూ లేదనే చెబుతారు. వాళ్లు అబద్ధమాడుతున్నారని నేను అనుకోవడం లేదు. వారానికోసారి సంత రోజున తాగేవారు రోజూ తాగనట్టే కదా. రోజూ సాయంత్రం కల్లు తాగేవారేమో కల్లును మద్యంలో కలిపి చూడరు. "మందు ముట్టను మేడమ్, గింత కల్లు తాగుత, అంతే" అనే మాట నాకు తరచుగా వినిపిస్తుంది.

ఇటీవల ఒక పెద్దాయన విషయం నన్ను బాగా ఆలోచింపజేసింది. ఆయన బ్రాందీ, విస్కీ ముట్టరు. ఏళ్ల తరబడి సాయంత్రం రెండు మూడు సీసాల కల్లు మాత్రం తాగుతారు. రెండు రకాల మాత్రలు వాడుతున్నా ఆయన బీపీ అదుపులోకి రాలేదు. కూతురిని చూడడానికి హైదరాబాద్ వెళ్లినప్పుడు కల్లు దొరకలేదు. రెండో రోజు రాత్రి ఫిట్స్ వచ్చి, తరవాత ఎవరినీ గుర్తుపట్టకుండా ఏదేదో మాట్లాడారట. అక్కడి ఆసుపత్రిలో చేర్చి కాపాడారు. కల్లు మానేసినందుకే ఇలా జరిగిందంటే కుటుంబ సభ్యులు నమ్మడం లేదు. కల్లు ఒంటికి మంచిదే కదా అని నన్నే ఎదురు ప్రశ్నిస్తున్నారు.

అందువల్ల అడుగుతున్నాను. ఎవరిని అడగాలి, ఏ మాటలతో అడగాలి, కల్లును ఏ లెక్కన కొలవాలి? తాగుతున్నారని తెలిశాక, బయట ముప్పై నలభై మంది వేచి ఉన్న రోజున, నా చేతిలో ఉన్న ఐదు నిమిషాలలో ఏం చెప్పాలి? ఎవరిని వెంటనే పెద్దాసుపత్రికి పంపాలి? ఇంకొకటి కూడా ఉంది. తాగుడు మాన్పించే బిళ్లలు ఇవ్వండి, తెలియకుండా అన్నంలో కలిపి పెడతాం అని అడిగే భార్యలు, తల్లులు ఉన్నారు. వారి బాధ నాకు తెలుసు, వారికి ఏం జవాబు చెప్పాలో మాత్రం తెలియడం లేదు.

సమాధానం: ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యాధికారి, నల్లగొండ జిల్లా

సిస్టర్ గారూ, మీరు గమనించింది నిజం. సీబ్యాక్ ఫారం ముప్పై ఏళ్లు నిండినవారిలో ఎవరిని ముందుగా పరీక్షలకు పిలవాలో తేల్చడానికి తయారైనది. మద్యపానం ఎంత ప్రమాదకర స్థాయిలో ఉందో కొలిచే పని దానిది కాదు. ఆ పనికి ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన ఆడిట్ ప్రశ్నావళి ఉంది. అందులో 10 ప్రశ్నలు, మొత్తం 40 మార్కులు. రద్దీ ఉన్న రోజు పదీ అడగలేం కాబట్టి మొదటి మూడు ప్రశ్నలతోనే సరిపెట్టే ఆడిట్-సి అనే చిన్న రూపాన్ని వాడవచ్చు. ఎన్నాళ్లకొకసారి తాగుతారు, తాగిన రోజు ఎంత తాగుతారు, ఒకే విడత ఆరు డ్రింకులు లేదా అంతకు మించి ఎన్నాళ్లకొకసారి తాగుతారు అన్నవే ఆ మూడు. దీనికి 12 మార్కులు. మగవారికి 4, ఆడవారికి 3 వచ్చినా మిగిలిన ఏడు ప్రశ్నలు కూడా అడగాలి.

ఈ తేడా ఎంత పెద్దదో చూడడానికి ఆదివారం ఆదివారం ఒక క్వార్టర్, అంటే ఆరు డ్రింకులు, ఒక్కడే తాగే మనిషిని తీసుకోండి. సీబ్యాక్ ప్రశ్నకు ఆయన లేదు అంటారు, సున్నా పడుతుంది. ఆడిట్-సి ప్రకారం నెలకు నాలుగు సార్లకు 2 మార్కులు, తాగిన రోజు ఆరు డ్రింకులకు 2, వారం వారం ఆరు డ్రింకుల విడతకు 3, మొత్తం 7 వస్తాయి. ఆ రాత్రి బండి మీద ఇంటికి వెళ్లేది, కింద పడి తలకు దెబ్బ తగిలించుకునేది, ఇంట్లో గొడవ పడేది చాలాసార్లు ఇలాంటివారే. రోజూ తాగుతారా అనే ఒక్క ప్రశ్నతో వీరు ఎప్పటికీ మన కంటికి చిక్కరు.

ఇక కొలత. మన దేశంలో ఒక డ్రింకు అంటే సుమారు 10 గ్రాముల ఆల్కహాల్‌గా లెక్కిస్తారు. సీసా మీద 42.8 శాతం అని ఉండే బ్రాందీ, విస్కీలలో 30 మిల్లీలీటర్ల చిన్న పెగ్గు ఒక డ్రింకు అవుతుంది. ఆ లెక్కన 180 మిల్లీలీటర్ల క్వార్టర్ ఆరు, 375 మిల్లీలీటర్ల హాఫ్ పన్నెండున్నర. 650 మిల్లీలీటర్ల బీరు ఐదు శాతానిదైతే రెండున్నర, ఎనిమిది శాతం స్ట్రాంగ్ బీరైతే నాలుగు. కల్లు బలం చెట్టును బట్టి, దింపిన తరవాత గడిచిన గంటలను బట్టి మారుతుంది. పొద్దున దింపిన కల్లు సాయంత్రానికి పులిసి బలం పుంజుకుంటుంది. నాలుగైదు శాతం అనుకుంటే బీరు సీసాలో పోసిచ్చే కల్లు రెండు డ్రింకుల పైమాటే. మీరు చెప్పిన పెద్దాయన మూడు సీసాలు తాగిన రోజున క్వార్టర్ తాగినవారితో సమానమవుతారు. గుడుంబా బలాన్ని ఎవరూ చెప్పలేరు. దాన్ని లెక్కలోకి దింపడానికి ప్రయత్నించకండి, తాగుతున్నారని రాసుకుని ప్రమాదం ఎక్కువ ఉన్నవారి కిందే చూడండి. డ్రింకు అనే మాటను రోగి ముందు వాడవలసిన పని లేదు. వారు సీసా, లొట్టి, క్వార్టర్, నైంటీ అని చెబుతారు, లెక్క కట్టుకోవలసింది మనమే.

ఎవరిని అడగాలంటే పద్దెనిమిదేళ్లు నిండిన అందరినీ, ఏడాదికొకసారైనా. వాసన వచ్చినవారినే అడిగితే అది అనుమానించినట్టు అవుతుంది. అందరినీ అడిగితే బీపీ పట్టీ కట్టినంత మామూలు విషయమవుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో పదిహేనేళ్లు పైబడిన మగవారిలో నూటికి 43 మంది, ఆడవారిలో దాదాపు ఏడుగురు మద్యం తాగుతామని చెప్పారు. సర్వే మనిషికే అంతమంది చెప్పగలిగినప్పుడు, నెలనెలా మాత్రలిచ్చే మీకు చెప్పడానికి వెనకాడతారని నేను అనుకోను. క్యూలో నిలబడి ఉండగా, కొడుకు పక్కన కూర్చుని ఉండగా మాత్రం అడగకండి. తలుపు దగ్గరికి వేసి, "ఇక్కడికి వచ్చే అందరినీ అడుగుతం, మాత్రలు సరిగా పని చేస్తున్నయా లేదా తెల్సుకునేందుకు" అని ముందే చెప్పండి. తరవాత మొదట కల్లు గురించి విడిగా అడగండి, ఆ పిమ్మట బీరు, ఆ పిమ్మట బ్రాందీ, విస్కీ, చివరికి గుడుంబా. "మందు తాగుతరా" అని ఒక్కసారిగా అడిగితే మీరు రాసిన జవాబే వస్తుంది. పరిమాణం అడిగేటప్పుడు "ఒకసారి కూసుంటే నాలుగు సీసాలైతయా, ఐదైతయా" అని ఎక్కువ వైపు నుంచి మొదలుపెడితే రెండు తాగేవారు రెండని నిస్సంకోచంగా చెబుతారు. బోనాలు, దసరా, పెళ్లిళ్లు, దినాల సంగతి విడిగా అడగాలి, ఎందుకంటే పండుగ తాగుడును ఎవరూ అలవాటుగా చెప్పుకోరు.

మొత్తం పది ప్రశ్నల మార్కులు 7 వరకు ఉంటే రెండు మంచి మాటలు చాలు. 8 నుంచి 15 వరకు నేరుగా, క్లుప్తంగా సలహా ఇవ్వాలి. 16 నుంచి 19 వరకు సలహాతో పాటు మళ్లీ మళ్లీ పిలిచి కౌన్సెలింగ్ చేయాలి. 20 గానీ అంతకు మించి గానీ వస్తే మానసిక వైద్యుడికి చూపించాలి. ఇవి కచ్చితమైన గోడలు కావు. ఆరో ప్రశ్న, పొద్దున లేవగానే తాగనిదే కుదుటపడరా అన్నది, నాకు మొత్తం మార్కుల కన్నా ముఖ్యంగా తోస్తుంది. దానికి అవునన్న మనిషికి 14 వచ్చినా నేను 20 వచ్చినట్టే చూస్తాను. కొందరు సహోద్యోగులు ఇప్పటికీ నాలుగు ప్రశ్నల కేజ్ అనే పాత ప్రశ్నావళిని వాడుతున్నారు. అది వ్యసనం ముదిరినవారిని బాగా పట్టుకుంటుంది, కానీ మనం త్వరగా అందుకోవలసిన ఆదివారపు క్వార్టర్ మనిషిని వదిలేస్తుంది.

సమాధానం: మానసిక వైద్యుడు, మహబూబ్‌నగర్

డాక్టర్ గారు చెప్పిన పద్ధతి సరైనదే. అయితే మన పాలమూరు వైపు కల్లు విషయంలో ఆడిట్ మార్కులను మాత్రమే నమ్మితే ప్రాణాపాయం ఉంది. ఆ పెద్దాయనకు జరిగింది అర్థం కావాలంటే ముందు ఈ సంగతి తెలియాలి.

తాగేవారికి సరిపడినన్ని తాటి, ఈత చెట్లు చాలా చోట్ల లేవు. దానితో కొన్ని కల్లు కాంపౌండ్లలో (దుకాణాలలో) కొద్దిపాటి కల్లుకు నీళ్లు, శాక్రీన్ కలిపి, మత్తు కోసం క్లోరల్ హైడ్రేట్, డైజోఫామ్, ఆల్ప్రాజోలం వంటివి వేస్తారు. అలాంటి కల్లు తాగే మనిషి మద్యానికి ఎంత అలవాటు పడ్డాడో, నిద్రమాత్రల మందులకు కూడా అంతగా అలవాటు పడతాడు, ఆ సంగతి ఆయనకే తెలియదు. ఆడిట్ కొలిచేది మద్యాన్నే. రెండు సీసాల కల్లుకు ఆడిట్‌లో తక్కువ మార్కులు రావచ్చు, కానీ ఆ రెండు సీసాలలో ఏ మందు ఎంత పడిందో ఏ ప్రశ్నావళీ చెప్పదు. 2015లో కల్తీ కల్లుపై దాడులు ముమ్మరమైనప్పుడు నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ ప్రాంతాలలో ఎందరో వణుకు, ఫిట్స్, వింత ప్రవర్తనతో ఆసుపత్రులకు వచ్చారు. వారికి కొత్తగా ఏ జబ్బూ రాలేదు, అలవాటైన మందు శరీరానికి ఒక్కసారిగా అందకుండా పోయింది.

అందువల్ల కల్లు తాగేవారిని మూడు విషయాలు అదనంగా అడగండి. కల్లు తాగని రాత్రి నిద్ర పడుతుందా? ఒక పూట దొరకకపోతే చేతులు వణకడం, చెమటలు, గుండెదడ వస్తాయా? ఊరు వదిలి వెళ్లినప్పుడు, బొంబాయి, పుణే పనులకు పోయినప్పుడు, ఆపరేషన్ కోసం ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఏమైనా జరిగిందా? మూడో ప్రశ్నకు వచ్చే జవాబు అన్నిటికన్నా విలువైనది. కాలు విరిగి ఎముకల వార్డులో చేరిన మనిషికి రెండో రోజో మూడో రోజో మతి తప్పినట్టయితే, అది దెబ్బ వల్లనో జ్వరం వల్లనో అని వెతుకుతూ ఉండిపోతారు. చేరిన రోజే కల్లు సంగతి అడిగి రాసుకుని ఉంటే ఆ గందరగోళం ఉండదు.

మద్యం ఒక్కటే అయితే ఆపిన ఆరు గంటల తరవాత వణుకు, ఆందోళన మొదలవుతాయి. ఫిట్స్ సాధారణంగా మొదటి రెండు రోజులలోపే వస్తాయి. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్యలో కొందరికి డెలీరియం వస్తుంది, అంటే సమయం, చోటు తెలియకపోవడం, లేని పురుగులు, మనుషులు కనిపించడం, జ్వరం, విపరీతమైన చెమట. వైద్యం అందకపోతే ఇందులో మనుషులు చనిపోతారు. నిద్రమాత్రల మందులు కూడా కలిసినప్పుడు ఈ కాలక్రమం మారిపోతుంది, లక్షణాలు ఆలస్యంగా రావచ్చు, ఎక్కువ రోజులు సాగవచ్చు. కాబట్టి రోజూ తాగేవారికి "రేపటి నుంచి పూర్తిగా మానెయ్" అని పల్లె దవాఖానాలో చెప్పి పంపడం సరి కాదు. లోగడ మానినప్పుడు ఫిట్స్ వచ్చినవారు, మతి తప్పినవారు, పొద్దున్నే తాగనిదే నిలవలేనివారు, కామెర్లు ఉన్నవారు, గర్భిణులు, ముసలివారు, ఇంట్లో చూసుకునే మనిషి లేనివారు ఆసుపత్రిలోనే, డాక్టరు పర్యవేక్షణలోనే మానాలి. అప్పటిదాకా ఒక్కసారిగా ఆపవద్దని చెప్పడానికి మీరు సంకోచించకండి. తాగమని ప్రోత్సహించినట్టు కాదు అది, ఫిట్స్ రాకుండా చూసినట్టు.

తాగుడు ఎక్కువై తిండి తగ్గినవారికి థయామిన్, అంటే బి1 విటమిన్, లోపిస్తుంది. అటువంటి మనిషి మతి తడబడుతూ, తూలుతూ, కళ్లు అటూ ఇటూ కొట్టుకుంటూ వస్తే వెర్నికీ వ్యాధిని, అంటే థయామిన్ లోపంతో మెదడు దెబ్బతినే జబ్బును, అనుమానించాలి. నీరసంగా ఉన్నాడని ముందు గ్లూకోజ్ సెలైన్ పెట్టడం మన ఊళ్లలో అలవాటు. ఇలాంటివారికి థయామిన్ ఇంజెక్షన్ ఇచ్చాకే గ్లూకోజ్ ఎక్కించాలి. రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోతే మాత్రం గ్లూకోజ్ ఆపకూడదు, రెండూ కలిపి ఇవ్వాలి. మెదడుకు ఒకసారి ఆ దెబ్బ తగిలిందంటే పోయిన జ్ఞాపకశక్తి చాలామందికి తిరిగి రాదు.

వణుకు తగ్గడానికి ఆల్ప్రాజోలం మాత్రలు చేతికిచ్చి ఇంటికి పంపవద్దని తోటి వైద్యులను చేతులు జోడించి కోరుతున్నాను. మానేటప్పుడు వాడే మందును ఎవరికి, ఎంత, ఎన్ని రోజులు అన్నది ముందే తేల్చుకుని, రోజురోజుకూ తగ్గిస్తూ ఇవ్వాలి. లెక్క లేకుండా ఇస్తే కల్లులోని మందు చీటీ మీదికి మారుతుంది, అలవాటు అలాగే ఉంటుంది.

సమాధానం: ఫార్మసిస్టు, మిర్యాలగూడ

అన్నంలో కలిపే బిళ్లల గురించి నేను చెప్పగలను, ఎందుకంటే ఆ మాట అడుగుతూ మా కౌంటరు దగ్గరికి వచ్చేవారిని చాలామందినే చూశాను. వారు అడిగేది డైసల్ఫిరామ్. అది తాగుడు కోరికను తగ్గించదు. ఆల్కహాల్ శరీరంలో విరిగే దారిని మధ్యలో ఆపుతుంది, అసిటాల్డిహైడ్ అనే విషపదార్థం పేరుకుపోతుంది. ఆ మాత్ర ఒంట్లో ఉండగా తాగితే ముఖం ఎర్రబడి, విపరీతమైన వాంతులు, గుండెదడ, ఛాతీ నొప్పి వచ్చి బీపీ పడిపోతుంది. గుండె జబ్బు ఉన్నవారికి ప్రాణమే పోవచ్చు. రోగికి పూర్తిగా తెలియజేయకుండా ఇవ్వకూడదనేది ఆ మందు విషయంలో మొదటి హెచ్చరిక. తెలియకుండా పెడితే ఆయన ఎప్పటిలాగే తాగుతాడు, ఏమి జరుగుతోందో ఆయనకూ తెలియదు, ఆసుపత్రిలో చూసే డాక్టరుకూ తెలియదు. కాబట్టి అడిగే తల్లికి, భార్యకు కోప్పడకుండా, "అమ్మా, ఇది తెలియకుండా పెడితే మనిషి దక్కకపోవచ్చు. ఆయన ఒప్పుకుంటే డాక్టరే రాసిస్తారు, కోరికను తగ్గించే వేరే మందులు కూడా ఉన్నాయి" అని చెప్పండి. నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ అలాంటివే. కాలేయం, మూత్రపిండాల పరీక్షలు చూసి డాక్టర్లే వాటిలో ఏది వాడాలో నిర్ణయిస్తారు.

మీ క్లినిక్‌లో ఇచ్చే మందుల సంగతి కూడా ఒకటి. గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి షుగర్ మాత్రలు వేసుకుని, అన్నం తినకుండా తాగి పడుకున్న షుగర్ రోగికి రాత్రి చక్కెర పడిపోవచ్చు, ఇంట్లోవారు మత్తులో ఉన్నాడని వదిలేస్తారు. టీబీ మందులు వాడేవారికి, ఒళ్లు నొప్పులకు పారాసిటమాల్ ఎక్కువెక్కువ మింగేవారికి కాలేయం దెబ్బతినే ప్రమాదం మద్యంతో పెరుగుతుంది. ఈ కారణాలు చెబితే తాగుడు గురించి అడగడం ఎందుకో రోగికి తేలిగ్గా అర్థమవుతుంది.

ప్రశ్న అడిగిన నర్సు

అందరికీ ధన్యవాదాలు. పెద్దాయన కుటుంబంతో ఈ వివరాలతో మళ్లీ మాట్లాడతాను. రెండు సందేహాలు మిగిలాయి. ఆడిట్‌లో పన్నెండో, పద్నాలుగో మార్కులు వచ్చి, వణుకు వంటివేమీ లేకుండా, "నాకేం కాలె, నేను మానను" అనేవారితో ఏం మాట్లాడాలి? ఇక ఆడవాళ్లు నా ముందు కూడా నోరు విప్పడం లేదు, ఏం చేయాలి?

సమాధానం: ఏఎన్ఎం, నారాయణపేట జిల్లా

మేడమ్, ఆడవాళ్ల గురించి నా అనుభవం చెబుతాను. కల్లు తాగడం మన దగ్గర ఆడవాళ్లకు కొత్త కాదు, నాట్లు వేసి, కలుపు తీసి వచ్చిన సాయంత్రం ఇంటిల్లిపాదీ కూర్చుని తాగే ఇళ్లు ఉన్నాయి, దేవతకు సాక పోసిన కల్లును ప్రసాదంగా తీసుకునేవారూ ఉన్నారు. దాన్ని తప్పు అన్నట్టు అడిగితే వారు మూసుకుపోతారు. నేను ఒళ్లు నొప్పులు, నిద్ర దగ్గర మొదలుపెడతాను. "పనికి పోయొచ్చినంక ఒళ్లు నొప్పులకు ఏం చేస్తవక్క? నిద్ర పడ్తదా?" అని అడిగితే కల్లు మాట దానంతటదే వస్తుంది. అత్త పక్కన ఉంటే అసలు ఎత్తను, బరువు చూసే నెపంతో ఒక్కరినే లోపలికి పిలుస్తాను.

గర్భిణుల విషయంలో మాత్రం మెత్తగానే అయినా సూటిగా చెప్పాలి. కడుపుతో ఉన్నప్పుడు ఇంత వరకు ఫరవాలేదు అనే హద్దు ఏదీ లేదు, కల్లుకైనా అంతే. బిడ్డ ఎదుగుదల, మెదడు దెబ్బతింటాయి. అయితే రోజూ తాగే గర్భిణిని ఒక్కసారిగా మానమనకుండా పెద్దాసుపత్రికి తోడుగా వెళ్లి చూపించండి, మహబూబ్‌నగర్ డాక్టర్ గారు పైన రాసినట్టు. ఇంకొకటి, భర్త తాగి కొడుతున్నాడా అనే ప్రశ్నను కూడా అదే గదిలో, అదే పూట అడగవలసి వస్తుంది. నాకు చాలాసార్లు ఆ జవాబు ముందు వచ్చి, ఈ జవాబు తరవాత వచ్చింది.

సమాధానం: ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యాధికారి, నల్లగొండ జిల్లా

మానను అనే మనిషితో వాదించకండి. ఆయన మానడం ఈ రోజు మన లక్ష్యం కాదు, తగ్గించడం గురించి ఆలోచించేలా చేయడం లక్ష్యం. ఐదు నిమిషాలలో నేను మాట్లాడే తీరు ఇలా ఉంటుంది. ముందు అనుమతి అడుగుతాను: "నీ బీపీ గురించి ఒక మాట చెప్పాల్నా?" ఆయన తల ఊపాక, ఆయన లెక్కనే ఆయన ముందు పెడతాను: "వారంల మూడు రోజులు, రోజుకు క్వార్టర్ అన్నవు. రెండు మాత్రలేస్తున్నా బీపీ నూట అరవై కిందికి దిగుత లేదు. తాగుడు తగ్గితే కొన్ని వారాలల్లనే బీపీ తగ్గుతది, ఒక మాత్ర కూడ తగ్గొచ్చు." తరవాత ఊరుకుంటాను. ఆ మౌనంలో ఆయన ఏదో ఒకటి అంటారు. "అందరు తాగుతరు సారు" అంటే కాదనను. "నిజమే, నీకైతే ఏమనిపిస్తది? ఇంత తాగుడుల మంచేంది, చెడేంది?" అని అడుగుతాను. చెడు ఏమిటో ఆయన నోటితో ఆయనే చెబితే, దానికి మనం కలపవలసిందేమీ ఉండదు. కూతురి పెళ్లి బాకీ గురించి కావచ్చు, పొద్దున పనికి లేవలేకపోవడం కావచ్చు. చివరికి ఆయన చేత్తోనే ఒక చిన్న నిర్ణయం పెట్టిస్తాను: క్వార్టర్ బదులు నైంటీ, లేదా వారంలో రెండు రోజులు దుకాణం వైపు పోకుండా వేరే దారిన ఇంటికి రావడం, తాగే ముందు తప్పక తినడం, తాగిన రోజు బండి ముట్టకపోవడం. వచ్చే నెల మాత్రలకు వచ్చినప్పుడు ఆ ఒక్క విషయమే అడుగుతాను.

దీని వల్ల లాభం ఎంత అని మీరు అడగవచ్చు. 2018లో వెలువడిన కాక్రేన్ సమీక్ష (అనేక అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణ) ప్రకారం, క్లుప్త సలహా పొందినవారు ఏడాది తరవాత సగటున వారానికి 20 గ్రాములు తక్కువ తాగారు, అంటే రెండు డ్రింకులు. చూడడానికి చిన్న మార్పే, కానీ మందు ఖర్చు, యంత్రం ఏమీ లేకుండా, వందలమందికి ఇవ్వగలిగినది. ఇంకాస్త తీవ్రంగా తాగేవారి విషయంలో గోవా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో జరిగి 2017లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం నాకు మరింత ధైర్యాన్నిచ్చింది. ఆడిట్‌లో 12 నుంచి 19 వచ్చిన మగవారికి, వైద్యులు కాని మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి, వారి చేత నాలుగు విడతల వరకు కౌన్సెలింగ్ చేయించారు. మూడు నెలల తరవాత వారిలో 36 శాతం మంది ప్రమాద స్థాయి నుంచి బయటపడగా, మామూలు వైద్యం మాత్రమే అందినవారిలో 26 శాతం మంది బయటపడ్డారు. శిక్షణ పొందిన స్థానికుల చేత అది సాధ్యమైనప్పుడు, ఊరు, మనుషులు, వారి మాట తెలిసిన మీ వంటి నర్సు చేత తప్పక సాధ్యమవుతుంది.

నొప్పి సంగతి మరిచిపోకండి. మా మర్రిగూడ, నాంపల్లి వైపు ఫ్లోరైడ్ నీళ్లతో కీళ్లు బిగుసుకుపోయిన పెద్దలు నొప్పి తెలియకుండా పడుకోవడానికే తాగుతామని చెబుతారు. అటువంటివారికి నొప్పికి దారి చూపించకుండా తాగుడు తగ్గించమనడం అన్యాయం. ఆ నొప్పికి వైద్యం మొదలుపెట్టిన తరవాతే తాగుడు మాట ఎత్తుతాను. నిద్ర పట్టనివారి విషయంలోనూ, దిగులుతో ఉన్నవారి విషయంలోనూ అంతే.

సమాధానం: మానసిక వైద్యుడు, మహబూబ్‌నగర్

పంపేటప్పుడు చీటీలో ఏం రాయాలో కూడా చెబుతాను, ఎందుకంటే "ఆల్కహాలిక్, ప్లీజ్ సీ" అని మాత్రమే ఉన్న చీటీలు మాకు వస్తుంటాయి. ఏది తాగుతారు, ఎన్ని సీసాలు, ఎక్కడి కల్లు, చివరిసారి ఎన్ని గంటలకు తాగారు, లోగడ ఫిట్స్ వచ్చాయా, ఇప్పుడు వాడుతున్న మాత్రలు ఏవి, ఆడిట్ మార్కులు ఎన్ని, తోడుగా ఎవరు వస్తున్నారు, ఇవి రాస్తే చాలు. చివరిసారి తాగిన సమయం అన్నిటికన్నా ముఖ్యం, దాన్ని బట్టే ఆ రాత్రి ఏం జరగవచ్చో మేము అంచనా వేస్తాం. మహబూబ్‌నగర్, నల్లగొండ, సూర్యాపేట, నాగర్‌కర్నూల్, వనపర్తి ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రులకు పంపవచ్చు, చాలా క్లిష్టమైనవారిని ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి పంపుతాం. దూరం వెళ్లలేనివారికి, రాత్రిపూట భయపడే కుటుంబాలకు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 నంబరు ఇవ్వండి, తెలుగులోనే మాట్లాడతారు. మద్యం, మత్తుమందుల వ్యసనానికి ప్రత్యేకంగా 14446 ఉంది.

కట్టేసి తీసుకెళ్లి ఎక్కడో ఒక సెంటరులో పడేస్తామని కుటుంబం అన్నప్పుడు మాత్రం గట్టిగా వారించండి. 2017 మానసిక ఆరోగ్య చట్టం మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక సమస్యలను కూడా తన పరిధిలోకి తీసుకుంది. రోగి అంగీకారం, హక్కులు, రిజిస్టరైన కేంద్రం అన్నవి ఇక్కడా వర్తిస్తాయి. వైద్యం పూర్తయి తిరిగి వచ్చిన మనిషి మళ్లీ మీ దగ్గరికే మాత్రలకు వస్తాడు కాబట్టి, మొదటి నెలలో వారానికొకసారి పిలిచి నిద్ర, ఆకలి, కోరిక ఎలా ఉన్నాయో అడగండి. ఒకసారి జారి తాగినా వెళ్లగొట్టకుండా, ఎక్కడ, ఎవరితో ఉన్నప్పుడు జారారో రాసుకుని, ఆ వివరంతోనే మళ్లీ మాకు పంపండి. ఆ పెద్దాయనను కూడా వచ్చే వారంలో ఒకసారి తీసుకురమ్మని కుటుంబానికి చెప్పండి. మళ్లీ కల్లు మొదలుపెట్టి ఉంటే, మీ అంతట మీరు ఆపించకుండా అలాగే తీసుకురండి.